గుర్రం దగ్గర పాఠం

పోయిన వారం ఒకావిడ ఫోను చేసి, "మా అమ్మాయి గుర్రాలు గుర్రాలని ప్రాణం తీస్తోందండీ. కొనడమంటే మాటలా? పైగా అది తన్నిందంటే!" అన్నారు. నేనిక్కడ ఒహాయోలో ఒక ఫోర్-హెచ్ గుర్రాల క్లబ్బులో శనివారాలు పిల్లలకు నేర్పుతుంటాను. ఆవిడకిచ్చిన జవాబునే కాస్త వివరంగా మీకూ చెబుతాను.

మొదటి మాట, కొనక్కర్లేదు. 1902లో ఇక్కడి క్లార్క్ కౌంటీలో ఏ.బి. గ్రాహం అనే స్కూలు సూపరింటెండెంటు పల్లెటూరి పిల్లలకోసం పెట్టిన సంఘంతో ఈ ఫోర్-హెచ్ మొదలైంది. ఇప్పుడు యూనివర్సిటీల ఎక్స్‌టెన్షన్ ఆఫీసులు నడుపుతాయి. సొంత గుర్రం లేని పిల్లలకూ ఇందులో ప్రాజెక్టులున్నాయి. జడ్జింగ్ పోటీ ఉందనుకోండి, నాలుగు గుర్రాలను చూసి వరస నిర్ణయించి, ఎందుకలా పెట్టారో నిలబడి నోటితో చెప్పాలి. ఇంటికి చుట్టాలొస్తే గదిలో దూరే పిల్లలు అక్కడ గడగడా మాట్లాడేస్తారు!

ఇక తన్నడం సంగతి. గుర్రానికి కళ్ళు తలకు రెండు పక్కలా ఉంటాయి. సరిగ్గా తోక వెనక, నుదుటి ముందు కొద్ది మేర తప్ప దాదాపు చుట్టూ కనబడుతుంది. కనబడని చోటినుంచి హఠాత్తుగా వస్తే బెదిరి తన్నుతుంది. అందుకని మా మొదటి పాఠం ఎక్కడం కాదు, దగ్గరికి వెళ్ళడం. మాట్లాడుతూ, భుజం వైపునుంచి వెళ్ళాలి. పగ్గం చేతికి చుట్టుకోకూడదు. ఎక్కే రోజు వచ్చాక కూడా హెల్మెట్ లేనిదే ఎక్కనివ్వం.

రెండో పాఠం నడిపించడం. సుమారు 500 కిలోల జంతువును మనం లాగి గెలవలేం. పగ్గం కొంచెం బిగించి ఆగాలి. అది ఒక్క అడుగు వేయగానే వదులు చేయాలి. బిగించడం అడగడమైతే, వదలడం "అవును, ఇదే" అనడం. గుర్రానికి పాఠం అందేది వదిలినప్పుడే.

ఇది పిల్లలకు చెప్పే నేను, పిల్లల విషయంలో మాత్రం చాలాకాలం వదల్లేకపోయాను. మన తెలుగు కుర్రాడే ఒకడు, పదకొండేళ్ళవాడు, మా ముసలి ఆడగుర్రాన్ని నడిపించలేక తంటాలు పడుతుంటే చూడలేక పగ్గం లాక్కుని నేనే నడిపించి చూపించాను. అది చక్కగా నడిచింది. వాడు మాత్రం తరవాత మూడు శనివారాలు రాలేదు. వాళ్ళమ్మగారు బతిమాలి తీసుకొచ్చిన రోజున నేను చేతులు జేబుల్లో పెట్టుకుని నిలబడ్డాను. పది నిమిషాలు పట్టింది. అది ఒక్క అడుగు వేసింది, వాడు పగ్గం వదులు చేశాడు. వాడు నా వైపు చూడనేలేదు, గుర్రం వైపే చూస్తున్నాడు. నేర్పేవాడికి అంతకన్నా ఏం కావాలి చెప్పండి?

ఆ గుర్రానికి ఇరవై ఆరేళ్ళు. గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదన్నట్టు దానికీ అన్నీ వేళకు జరగాల్సిందే. మరుసటి ఏడు ఒక సాయంత్రం ఆ కుర్రాడే, అది ఎండుగడ్డి ముట్టకపోవడం, మాటిమాటికీ డొక్క వైపు చూసుకోవడం గమనించాడు. గుర్రం వాంతి చేసుకోలేదు. కడుపునొప్పి, అంటే ఇక్కడి వాళ్ళు కోలిక్ అనేది, దాని ప్రాణాలు తీయగలదు. వాడు ఎడమ మోచేతి వెనక స్టెతస్కోపు పెట్టి లెక్కపెట్టాడు. మామూలుగా నిమిషానికి 28 నుంచి 44 ఉండే గుండె 60 కొట్టుకుంటోంది. గడ్డి తీసేసి నాకు ఫోను చేశాడు. గుర్రం సంగతి చెప్పాడే తప్ప ఒక్కసారి కూడా "భయంగా ఉంది" అనలేదు. నేను వెంటనే పశువుల డాక్టరుకు చేశాను. ఆయన వచ్చి ముక్కులోంచి గొట్టం వేసి మందు పోశారు. పేగులు కదిలితే తెల్లారేసరికి తెలుస్తుందన్నారు.

ఆ రాత్రి నాకు నిద్ర లేదు. వాళ్ళ నాన్నగారూ వాడూ శాలలోనే కూర్చున్నారు. పొద్దున్న ఆరింటికి ఫోను మోగింది. ఎత్తగానే కేక, "అంకుల్, లద్దె వేసింది!"

ఆ మాట వాడికి నేనే నేర్పాను లెండి.