స్వేచ్ఛకు కట్టిన వెల

ఒక దేశము దారిద్ర్యమున కూలినపుడు రెండు వాదములు వినవచ్చుచుండును. పరరాజ్యముల జోక్యమే సర్వానర్థములకు మూలమని ఒకరందురు. తమ యసమర్థతను కప్పిపుచ్చుకొనుటకు పరులను నిందించుట పాలకులకు పరిపాటియని వేరొకరందురు. ఇందు సత్యమెంత? హైతీదేశ చరిత్రను పరికించిన విషయము కొంత తేటపడును.

కరీబియను సముద్రమునందలి ఈ దేశము పూర్వము ఫ్రెంచివారి వలసరాజ్యము. అచ్చటి చెరకు, కాఫీ తోటలలో పనిచేయుటకై ఆఫ్రికానుండి తేబడిన బానిసలు 1791లో తిరుగబడి, పండ్రెండేండ్లకు పైగా పోరాడి, 1804 జనవరి 1వ తేదీన స్వాతంత్ర్యమును ప్రకటించుకొనిరి. 1825లో ఫ్రెంచిరాజు పదియవ చార్లెస్ యుద్ధనౌకలను పంపి, ఆ స్వాతంత్ర్యమును గుర్తింపవలెనన్న 15 కోట్ల ఫ్రాంకులు చెల్లింపుడని శాసించెను. తోటల యజమానులకు కలిగిన నష్టమునకు పరిహారమట! బానిసలే తమ విముక్తికి యజమానులకు వెల కట్టవలసివచ్చెను. తొలివాయిదాకు సొమ్ములేక పారిసు బ్యాంకులయొద్దనే 3 కోట్లకు అప్పుపత్రము వ్రాసిరి. చేతికి వచ్చినది 2 కోట్ల 40 లక్షలు మాత్రమే. ఇట్టి వడ్డీవ్యాపారము మన రైతు లెరుగనిది కాదు. 1838లో మిగిలిన బాకీని 6 కోట్లకు తగ్గించిరిగాని, పాత అప్పునకై క్రొత్త అప్పు చేయవలసిన దుర్గతి తప్పలేదు. అందుండి పుట్టిన ఋణములు 1947 నాటికిగాని తీరలేదు.

1914 డిసెంబరులో అమెరికా నావికాసైనికులు హైతీ జాతీయబ్యాంకునుండి 5 లక్షల డాలర్ల విలువగల బంగారమును న్యూయార్కునకు తరలించిరి. మరుసటి యేడు దేశమునే ఆక్రమించిరి. విదేశీయులకు భూస్వామ్యము లేదను పూర్వనిబంధన 1918 రాజ్యాంగముతో తొలగెను. రోడ్లకై రైతులచే వెట్టి చేయించిరి. 1934లో సైన్యము మరలినను, ఖజానాపై పెత్తనము 1947 వరకు విడువలేదు.

అయితే ప్రతివాదుల మాటను త్రోసివేయరాదు. అదే ద్వీపమునందలి డొమినికన్ రిపబ్లిక్‌ను సైతము అమెరికా 1916 నుండి 1924 వరకు ఆక్రమించెను. నేడా దేశము హైతీకంటె ఎంతయో సంపన్నము. కావున ఆక్రమణయే సర్వమునకు కారణమనుట పొసగదు. పరిహారభారమును పట్టణములందలి అధికారవర్గము తాను మోయక, కాఫీసుంకముల రూపమున పల్లెరైతు నెత్తిన వేసెను. 1957 నుండి 1986 వరకు దువాలియే తండ్రికొడుకులు సాగించిన నిరంకుశపాలన స్వదేశీయులదే.

కాని 1844లో వేరుపడిన పిమ్మట ఆ పొరుగువారు ఈ పరిహారఋణమును మోయలేదు. నూరేండ్లు బడులకు, బాటలకు పోవలసిన సొమ్ము వడ్డీక్రింద పోయిన గృహస్థుని, పొరుగింటి వానితో సరిపోల్చి సోమరియనుట న్యాయమా? పైగా ఆ నిరంకుశులకు సైతము, కమ్యూనిజమునకు అడ్డుకట్టయను పేర, అమెరికాసాయము పలుమార్లు అందెను. పరజోక్యము ఇంటిగోడ పగులును వెదకి ప్రవేశించును; ప్రవేశించి ఆ పగులును పెంచును.

2025 ఏప్రిలులో ఫ్రాన్సు అధ్యక్షుడు మాక్రాన్ ఈ పరిహారచరిత్రను విచారించుటకు ఉభయదేశముల చరిత్రకారులతో సంఘము నేర్పరతునని ప్రకటించెను. సరిగా రెండువందల యేండ్లకు! విచారణ మంచిదే. లెక్క తేలిన పిమ్మట సొమ్ము మాటయు తేలవలెను. భయపెట్టి పత్రము వ్రాయించుకొన్నవారి దోషమొకటి. ఆ భారమును బీదలపైకి నెట్టినవారి దోషము వేరొకటి. ఒకదానిని చూపి రెండవదానిని మాపుకొనుట ఎవ్వరికిని తగదు.