తాకి చూసే చదువు: నేతపేటల పిల్లలు, సైన్స్ కేంద్రం

"వస్తువులను ముట్టుకోవద్దు" అనే బోర్డు ఏ మ్యూజియంలోనైనా కనిపిస్తుంది. పిల్లల సైన్స్ మ్యూజియంలో మాత్రం ఈ నియమం తలకిందులవుతుంది. అక్కడ మీట నొక్కాలి, చక్రం తిప్పాలి, తాడు లాగాలి, గొట్టంలో నోరు పెట్టి అరవాలి. అలా చేస్తేనే పాఠం మొదలవుతుంది. మన సోలాపూర్‌లోనూ అలాంటి చోటు ఉంది. పుణె రోడ్డు వైపు, కేగావ్ దగ్గర హిరజ్ రోడ్డులో ఉన్న సోలాపూర్ సైన్స్ సెంటర్ అది. మన తెలుగువాళ్లు ఎక్కువగా ఉండేది ఊరికి తూర్పున. సాఖర్ పేట, భవానీ పేట, అశోక్ చౌక్, దత్త నగర్, అక్కల్‌కోట్ రోడ్డు చుట్టుపక్కల. సైన్స్ సెంటర్ ఊరికి ఆ కొసన, మన ఇళ్లు ఈ కొసన. ఈ దూరం కిలోమీటర్లలోనే ఉంటే ఒక బస్సుతో తీరిపోయేది. భాషలోనూ ఉంది, "అది మన కోసం కాదేమో" అన్న సంకోచంలోనూ ఉంది. ఆ దూరం తగ్గించడంలో బడి ఏం చేయగలదో, ఇల్లు ఏం చేయగలదో ఈ వ్యాసంలో చూద్దాం.

మ్యూజియం ఊరికి ఏం చేస్తుంది?

పిల్లల కోసం ప్రత్యేకంగా మ్యూజియం పెట్టాలన్న ఆలోచన 1899లో అమెరికాలోని బ్రూక్లిన్‌లో మొదలైంది. మన దేశంలో ఈ దారి వేసింది కోల్‌కతాలోని బిర్లా పారిశ్రామిక సాంకేతిక మ్యూజియం. అది 1959లో తెరుచుకుంది. అక్కడివాళ్లు త్వరలోనే ఒక సంగతి గ్రహించారు. పల్లె పిల్లలు కోల్‌కతా రాలేరు కాబట్టి మ్యూజియమే పల్లెకు వెళ్లాలి. 1965లో ప్రదర్శనలను బస్సులో అమర్చి ఊళ్లకు పంపడం మొదలుపెట్టారు. బస్సు బడి ముందు ఆగుతుంది, పిల్లలు వరుసగా వచ్చి చూస్తారు, సాయంత్రం ఊరివాళ్లు కూడా వస్తారు. 1978లో జాతీయ సైన్స్ మ్యూజియంల మండలి ఏర్పడింది. 1985లో ముంబయిలో నెహ్రూ సైన్స్ సెంటర్ పూర్తిస్థాయిలో ప్రారంభమైంది. తర్వాత చిన్న నగరాలకూ ఇలాంటి కేంద్రాలు వచ్చాయి. తిరుపతిలో 1993 నుంచి ప్రాంతీయ సైన్స్ కేంద్రం ఉంది. హైదరాబాద్‌లో నౌబత్ పహాడ్ మీది బిర్లా ప్లానెటోరియం 1985 నుంచి పిల్లలకు తెలుగులోనే నక్షత్రాలు చూపిస్తోంది.

ఈ చరిత్రలో మనం గమనించాల్సింది ఒకటుంది. తలుపు తెరిచి కూర్చున్నంత మాత్రాన మ్యూజియం ఊరిది అయిపోదు. రాలేనివాళ్ల దగ్గరికి తానే వెళ్లినప్పుడు, వచ్చినవాళ్లతో వాళ్ల మాటల్లో మాట్లాడినప్పుడు ఊరిది అవుతుంది.

బోర్డు మీద లేని భాష

జాతీయ మండలి కేంద్రాల్లో ప్రదర్శనల పక్కన వివరాలు సాధారణంగా ఇంగ్లీషు, హిందీ, ఆ రాష్ట్ర భాషల్లో ఉంటాయి. మహారాష్ట్రలో ఆ మూడో భాష మరాఠీ. ఇందులో తప్పు పట్టాల్సింది లేదు. మన పిల్లలకు మరాఠీ పరాయి భాష కూడా కాదు. వీధిలో మరాఠీ, టీవీలో హిందీ, ఇంట్లో తెలుగు, మూడింటి మధ్య పెరిగిన పిల్లలు వీళ్లు. కానీ సైన్స్ విషయం వచ్చేసరికి ఒక చిక్కు ఉంది. మనవాళ్లు బాలభారతి తెలుగు పాఠ్యపుస్తకంలో "గురుత్వాకర్షణ", "ఘర్షణ", "పరావర్తనం" అని చదువుకుంటారు. మ్యూజియంలో అవే సంగతులు వేరే మాటల్లో కనిపిస్తాయి. రెండూ ఒకటేనని ఎవరో ఒకరు కలిపి చెప్పాలి. చెప్పకపోతే పిల్లవాడు బొమ్మ చూసి, మీట నొక్కి, నవ్వి ముందుకు వెళ్లిపోతాడు. ఆట మిగులుతుంది, పాఠం మిగలదు.

భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధన అందించేందుకు తగిన సౌకర్యాలు కల్పించాలని రాజ్యాంగంలోని 350ఎ అధికరణ చెబుతోంది. 1956లో ఏడో సవరణ ద్వారా అది చేరింది. అది బడి గురించి చెప్పిన మాట. బడి బయట జరిగే చదువుకు అలాంటి ఏర్పాటు ఎవరూ చేసిపెట్టరు, మనమే చేసుకోవాలి.

దీనికి కావలసింది పెద్ద ఖర్చేమీ కాదు. ఒక ఉపాధ్యాయుడు లేదా ఉపాధ్యాయురాలు ముందుగా వెళ్లి చూసి, పది ప్రదర్శనలను ఎంచుకుని, ఒక్కొక్కదానికి తెలుగులో రెండేసి ప్రశ్నలు రాసి, ఒకే కాగితం మీద జిరాక్స్ తీయిస్తే చాలు. జవాబులు రాయకూడదు, ప్రశ్నలే రాయాలి. "ఈ అద్దంలో నువ్వు ఎందుకు లావుగా కనిపించావు? చెంచా వెనుక వైపు చూస్తే ఎలా కనిపిస్తావు?" అని అడిగితే పిల్ల ఇంటికొచ్చి చెంచా తీసి చూస్తుంది. అక్కడ మొదలైన పాఠం వంటింట్లో కొనసాగుతుంది.

మన ఇంట్లో ఉన్న సైన్స్

మన పేటల పిల్లలు సైన్స్ కేంద్రానికి ఖాళీ చేతులతో వెళ్లరు. పడుగు, పేక, కండె, నాడె అనే మాటలు పాలతోపాటు నేర్చుకున్నవాళ్లు. వాళ్ల తాతముత్తాతలు తెలంగాణ జిల్లాల నుంచి మగ్గం పని పట్టుకునే ఇక్కడికి వచ్చారు. ఆ పనిలో ఉన్న సైన్స్ ఎంతో పిల్లలకు ఎవరూ చెప్పలేదు.

జకార్డునే తీసుకుందాం. సోలాపూర్ చాదర్ మీద పువ్వో, నెమలో, అక్షరమో పడాలంటే జకార్డు కావాలి. ఫ్రాన్స్‌లోని లియోన్ నగరంలో జోసెఫ్ మేరీ జకార్డ్ 1804 ప్రాంతంలో దీన్ని తీర్చిదిద్దాడు. మగ్గం పైన దండలా వేలాడే అట్టలు ఉంటాయి. ఒక్కో అట్ట ఒక్కో పేక పోగుకు. అట్టలో రంధ్రం ఉన్నచోట సూది లోపలికి దూరుతుంది, దాని కొక్కెం పైకి లేస్తుంది, కొక్కేనికి కట్టిన పడుగు పోగు లేస్తుంది. రంధ్రం లేనిచోట అట్ట సూదిని వెనక్కి నెడుతుంది, కొక్కెం తప్పుకుంటుంది, పోగు కిందే ఉండిపోతుంది. ఉంది లేదా లేదు, ఈ రెండు సంకేతాలతోనే చాదర్ మీద నెమలి పురి విప్పుతుంది.

కంప్యూటర్ చేసేదీ ఇదే. అక్కడ ఒకటి, సున్నా; ఇక్కడ రంధ్రం ఉండటం, లేకపోవడం. 1830లలో ఇంగ్లండ్‌లో చార్లెస్ బాబేజ్ లెక్కలు చేసే యంత్రాన్ని ఊహించినప్పుడు, దానికి ఆదేశాలు ఇవ్వడానికి జకార్డు అట్టలనే ఎంచుకున్నాడు. 1890లో అమెరికా జనాభా లెక్కల్లో హెర్మన్ హోలరిత్ రంధ్రాల కార్డులతోనే లెక్కించాడు. ఈ కథ ఇంగ్లీషు పుస్తకాల్లో ఉంది. ఆ యంత్రం మాత్రం మన పక్క గల్లీలో పనిచేస్తోంది. కంప్యూటర్ కోర్సుకు వేలు పోసి పంపే తండ్రి, తాను రోజూ చూసే అట్టల దండే దానికి పూర్వరూపమని కొడుక్కి చూపించగలడు.

టెర్రీ టవల్ మరో పాఠం. దాన్ని నేయడానికి రెండు పడుగులు కావాలి, ఒకటి బిగువుగా, ఒకటి వదులుగా. వదులు పడుగు పైకి లేచి చిన్న చిన్న ఉచ్చులుగా నిలుస్తుంది. ఆ ఉచ్చుల వల్ల నీటిని తాకే నూలు ఎక్కువవుతుంది, నీరు ఎక్కువ పీల్చుకుంటుంది. టవల్ ముక్కనూ, మామూలు నూలు గుడ్డ ముక్కనూ సమానంగా కత్తిరించి, కొసలు రంగు నీళ్లలో ముంచి వేలాడదీయండి. అయిదు నిమిషాలకోసారి తడి ఎంత ఎత్తు పాకిందో స్కేలుతో కొలవమనండి. చివర్లో రెండూ పిండి, ఏది ఎక్కువ నీరు పట్టిందో చూడమనండి. పుస్తకంలో నోరు తిరగని "కేశనాళికీయత" అప్పుడు కళ్ల ముందుంటుంది.

బీడీలు చుట్టే తల్లికీ చెప్పడానికి చాలా ఉంది. తునికాకును ముందు ఎందుకు తడుపుతారు? ఎండిన ఆకు ఎందుకు విరుగుతుంది, తడి ఆకు ఎందుకు వంగుతుంది? ఈ ప్రశ్నకు జవాబు తల్లి చేతివేళ్లకు తెలుసు. దానికి సైన్స్ పేరు పెట్టడమే బడి పని.

విద్యార్థులే వివరించేవాళ్లు

అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోలో భౌతిక శాస్త్రవేత్త ఫ్రాంక్ ఓపెన్‌హైమర్ 1969లో ఎక్స్‌ప్లొరేటోరియం అనే మ్యూజియం తెరిచాడు. అక్కడ సందర్శకులకు వివరించే పని హైస్కూలు విద్యార్థులకు అప్పగించాడు. పండితులకు ఇవ్వలేదు. ఇంకొకరికి చెప్పాల్సి వచ్చినప్పుడు ఎవరైనా శ్రద్ధగా నేర్చుకుంటారు. చిన్న పిల్లలు కూడా పెద్ద సారును అడగలేని ప్రశ్నను అన్ననో అక్కనో అడుగుతారు.

ఇది మన దగ్గరా జరిగింది. ఆంధ్ర, కర్ణాటక, తమిళనాడు కలిసే చోట, కుప్పం దగ్గర గుడుపల్లెలో అగస్త్య ఇంటర్నేషనల్ ఫౌండేషన్ ప్రాంగణం ఉంది. 1999లో ఏర్పడిన ఈ సంస్థ వాహనాల్లో ప్రయోగశాలలను బడులకు పంపుతుంది. బాగా చెప్పగల పిల్లలకు తర్ఫీదు ఇచ్చి, వాళ్ల చేతే తోటిపిల్లలకు ప్రయోగాలు చేయిస్తుంది. భాషలు కలిసే సరిహద్దు ప్రాంతంలో పిల్లల భాషలో పిల్లలే చెప్పడం కన్నా మంచి దారి ఏముంటుంది? సోలాపూర్ కూడా మరాఠీ, కన్నడ, తెలుగు, ఉర్దూ కలిసే ఊరే.

మన హైస్కూళ్లలో ఎనిమిది, తొమ్మిది తరగతుల నుంచి బడికి నలుగురిని ఎంచుకోవచ్చు. వాళ్లు ముందు సైన్స్ కేంద్రం చూసి, ఆ పది ప్రదర్శనలు తెలుగులో చెప్పడం సాధన చేస్తారు. తర్వాత నాలుగు, అయిదు తరగతుల పిల్లలు వెళ్లినప్పుడు వాళ్లే వెంట ఉండి చూపిస్తారు. కేంద్రం నిర్వాహకులతో ముందే మాట్లాడి అనుమతి తీసుకుంటే సరిపోతుంది. తెలుగు కాగితాన్ని టికెట్ కౌంటర్ దగ్గర ఉంచమని కూడా అడగవచ్చు. ఒక మూల జకార్డు నమూనా పెట్టమని అన్ని తెలుగు బడులు కలిసి ఒక విన్నపం ఇస్తే ఇంకా మేలు. ఈ ఊరి పేరు దేశమంతా తెలిసింది చాదర్‌తోనే. ఆ చాదర్ వెనుక ఉన్న సైన్స్‌ను చూపించే చోటు ఈ ఊళ్లోనే ఉండాలి.

తల్లిదండ్రులకు ఒక మాట

చుట్టిన బీడీల లెక్క మీద, నేసిన చాదర్ల లెక్క మీద బతికే ఇంట్లో ఒక రోజు పని పోతే ఎంత నష్టమో ఉపాధ్యాయులకు తెలుసు. అందుకే ప్రతిసారీ పిల్లలతో రమ్మని అడగడం లేదు. ఏడాదికి ఒక్కసారి, ఒక్క సెలవు రోజు. అదీ కుదరకపోతే పిల్ల తిరిగొచ్చిన రాత్రి పది నిమిషాలు కూర్చోబెట్టుకుని "ఏం చూశావమ్మా?" అని అడగండి. తెలియని విషయమైతే "నాకూ చెప్పు" అనండి. అమ్మానాన్నలకు నేర్పిన పాఠాన్ని పిల్లలు మరిచిపోరు.

సైన్స్ ఇంగ్లీషులోనే వస్తుందన్న నమ్మకంతో తెలుగు బడి మాన్పించే ఇళ్లు ప్రతి పేటలోనూ ఉన్నాయి. వాళ్ల ఆశ న్యాయమైనదే, పిల్లల భవిష్యత్తు మీద బెంగ. అయితే అర్థం కాని భాషలో కంఠతా పట్టిన నిర్వచనం పరీక్ష దాకే నిలుస్తుంది. ఎందుకు, ఎలా అని అడగడం పిల్లలు మొదట నేర్చుకునేది ఇంటి భాషలోనే. ఆ అలవాటు ఉన్న పిల్లకు తర్వాత ఇంగ్లీషు మాటలు చేర్చుకోవడం కష్టం కాదు. తెలుగు బడి పిల్లలు ఒక ప్రదర్శన ముందు నిలబడి ధైర్యంగా వివరిస్తుంటే తల్లిదండ్రులు ఒకసారి చూడాలి. ఎన్ని సభల్లో చెప్పినా రాని నమ్మకం అప్పుడు వస్తుంది.

టికెట్ లేని ప్రయోగం

సైన్స్ కేంద్రానికి వెళ్లేలోపు డాబా మీదే చేయగల ప్రయోగం ఒకటి చెబుతాను. సోలాపూర్‌లో ఏడాదికి రెండు రోజులు మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. ఒకటి మే రెండో వారంలో, రెండోది ఆగస్టు మొదటి వారంలో. ఆగస్టులో మబ్బులు అడ్డం రావచ్చు, మే నెలలో ఆ బెడద తక్కువ. మే 8 నుంచి 14 దాకా రోజూ పన్నెండుంబావు నుంచి పన్నెండున్నర మధ్య ఒక ఖాళీ కండెనో, స్టీలు గ్లాసునో చదునైన నేల మీద నిలబెట్టండి. నీడ పొడవు అయిదేసి నిమిషాలకు సుద్దముక్కతో గీయమనండి. ఒక రోజు నీడ దాదాపు మాయమవుతుంది. ఏ రోజన్నది పిల్లలే కనిపెట్టాలి. సూర్యుడి వైపు నేరుగా చూడకూడదు, తలకు గుడ్డ కట్టుకోవాలి, నీళ్లు దగ్గర పెట్టుకోవాలి.

ఫిబ్రవరి 28 జాతీయ సైన్స్ దినోత్సవం. 1928లో అదే రోజున సర్ సి.వి. రామన్ తన పరిశోధన ఫలితాన్ని కనుగొన్నందుకు గుర్తుగా 1987 నుంచి జరుపుకుంటున్నాం. ఆ రోజుకు ప్రతి తెలుగు బడి ఒక బల్ల సిద్ధం చేసుకోవచ్చు. దాని మీద ఒక జకార్డు అట్ట, రెండు టవల్ ముక్కలు, నీడ గీతల కాగితం పెట్టవచ్చు. శ్రావణ పౌర్ణమినాడు మార్కండేయ రథోత్సవానికి ఊరంతా వీధుల్లోకి వచ్చినప్పుడు అదే బల్లను దారి పక్కన వేయవచ్చు. ముందుగా చేయవలసింది ఒక్కటే. ఈ వారం మీ బడి సైన్స్ ఉపాధ్యాయులతో మాట్లాడి, సైన్స్ కేంద్రానికి ఫోన్ చేసి వేళలు, బడి బృందాలకు టికెట్ ధర కనుక్కోండి. తెలుగు కాగితం రాసే పని మేము చూసుకుంటాం.