రెండు చేతుల మాంత్రికుడు

టెన్నిస్ నేర్చుకునే చిన్నపిల్లలు చాలామంది మొదట్లో రాకెట్‌ను రెండు చేతులతో పట్టుకుంటారు, బరువు ఆపలేక. కాస్త బలం వచ్చాక ఫోర్‌హ్యాండ్‌కు ఒక చెయ్యి వదిలెయ్యమని కోచ్‌లు చెబుతారు. ఫ్రాన్స్ ఆటగాడు ఫాబ్రిస్ సాంటోరో మాత్రం వదల్లేదు. ఫోర్‌హ్యాండ్, బ్యాక్‌హ్యాండ్ రెండూ రెండు చేతులతోనే ఆడాడు. అలాగే ఇరవై ఏళ్లు ప్రొఫెషనల్ టెన్నిస్‌లో నిలిచాడు.

సాంటోరో 1972లో తాహితి దీవిలో పుట్టాడు. 1989లో ఫ్రెంచ్ ఓపెన్ జూనియర్ టైటిల్ గెలిచి, ఆ ఏడాదే ప్రొఫెషనల్ అయ్యాడు. ఆ రోజుల్లో ఆట బలం వైపు మళ్లుతోంది. తుపాకీ గుండులాంటి సర్వీస్, గట్టి ఫోర్‌హ్యాండ్ ఉన్నవాడిదే రాజ్యం. సాంటోరోకు ఆ రెండూ లేవు.

పైగా రెండు చేతుల పట్టుతో ఒక చిక్కుంది. చెయ్యి ఎక్కువ దూరం చాపలేం. పక్కకు వచ్చిన బంతిని అందుకోవాలంటే ఒక అడుగు అదనంగా వెయ్యాలి. ఆ లోటును సాంటోరో కాళ్లతో పూడ్చుకున్నాడు. లాభమూ ఉంది: బంతి ఎటు వెళ్తుందో చివరి క్షణం దాకా ఎదుటివాడికి అంతు చిక్కదు. ఒకసారి కోసినట్టు స్లైస్, మరోసారి తల మీదుగా లాబ్, ఇంకోసారి నెట్ పక్కనే డ్రాప్ షాట్. ఒకే వేగానికి అలవాటుపడ్డ ఆటగాళ్లకు లయ కుదిరేది కాదు. ప్రపంచ నంబర్ వన్‌గా వెలిగిన రష్యా ఆటగాడు మరాత్ సఫిన్‌ను తొమ్మిది మ్యాచ్‌లలో ఏడుసార్లు ఓడించాడు. 'మాంత్రికుడు' అన్న పేరు ఊరికే రాలేదు.

సింగిల్స్‌లో సాంటోరో అత్యుత్తమ ర్యాంకు 17. గ్రాండ్‌స్లామ్ సింగిల్స్ టైటిల్ ఒక్కటీ లేదు. క్వార్టర్ ఫైనల్ చేరడానికే 2006 దాకా ఆగాల్సి వచ్చింది. అప్పటికి వయసు 33. అయినా ఆరు సింగిల్స్ టైటిళ్లు గెలిచాడు. వాటిలో చివరి రెండూ 34, 35 ఏళ్ల వయసులో న్యూపోర్ట్‌లో వచ్చినవే. మైకేల్ లోద్రాతో కలిసి 2003, 2004లో ఆస్ట్రేలియన్ ఓపెన్ డబుల్స్ గెలిచాడు. 2001లో డేవిస్ కప్ గెలిచిన ఫ్రాన్స్ జట్టులోనూ ఉన్నాడు.

ఓపిక విషయానికొస్తే 2004 ఫ్రెంచ్ ఓపెన్ చూడాలి. తోటి ఫ్రెంచ్ ఆటగాడు అర్నో క్లెమెంట్‌తో తొలి రౌండ్ మ్యాచ్ రెండు రోజులు, 6 గంటల 33 నిమిషాలు సాగింది. ఐదో సెట్‌ను 16-14తో సాంటోరో గెలిచాడు. అప్పటికి అదే అతి సుదీర్ఘ మ్యాచ్. 2010లో రిటైరయ్యేసరికి 70 గ్రాండ్‌స్లామ్ టోర్నీలు ఆడాడు. పురుషుల్లో అది అప్పటి రికార్డు.

మైదానంలోనైనా తరగతిలోనైనా ఒక పిల్లవాడు అందరిలా చెయ్యకపోతే మన నోట ముందుగా వచ్చే మాట 'అలా కాదు' అన్నదే. దిద్దవలసినవి దిద్దాల్సిందే. కానీ దిద్దే ముందు ఒకసారి చూడాలి: ఆ పద్ధతితో పని జరుగుతోందా? దానివల్ల వచ్చే లోటును పూడ్చుకునే శ్రమ పిల్లవాడు చేస్తున్నాడా? రెండింటికీ అవునన్న జవాబు వస్తే, ఆ రెండో చెయ్యి అలాగే ఉండనివ్వండి.