యుద్ధకాలమున నేతయిల్లు

నూలు కొని, ఇంటనే పడుగుచేసి, నేసి అమ్ముకొను కుటుంబమును మనము వృత్తిదారులందుమే గాని వ్యాపారులనము. లెక్క చూచినచో అదియు నొక వ్యాపారమే. దానికి మూలధనము కలదు, ముడిసరకు కలదు, బజారు కలదు. పనివారు మాత్రము ఒక్క యింటివారే. తండ్రి గుంటమగ్గమున కూర్చుండును, తల్లి ఆసుపోయును, ముసలమ్మ రాట్నము త్రిప్పును, పిల్లలు కండెలు చుట్టుదురు. వీధిలో పడుగు సాచి గంజిపెట్టునాడు ఇంటిల్లిపాదియు తెల్లవారకమునుపే లేవవలయును. వీరిలో నెవ్వరికిని జీతము లేదు గనుక వీరి కష్టము ఏ పద్దులోను కానరాదు.

ఇట్టి యిండ్లు చీరాల, వేటపాలెము ప్రాంతములందు విస్తారముగా నుండెను. 1939 సెప్టెంబరులో యుద్ధము యూరపుఖండమున మొదలైనను, దాని దెబ్బ ముందుగా వీరి రంగుబానలపై పడెను. పూర్వము ఎఱ్ఱరంగునకు చిరివేరు వాడెడివారు. తరువాత జర్మనీనుండి వచ్చిన అలిజరిన్ దానిని త్రోసిపుచ్చెను. యుద్ధముతో జర్మనీ సరకు రాక నిలిచిపోయెను. 1914లోను ఇట్లే జరిగినది. అయినను మరల ఆ రంగుపైననే ఆధారపడిరి. చౌకయైన వస్తువును విడుచుట ఎవరికిని సులభము కాదు గదా!

పిమ్మట బజారు పోయెను. తూర్పుతీరమున నేసిన లుంగీలు బర్మాకు ఓడలపై పోవుచుండెడివి. 1942 మార్చిలో రంగూను జపానువారి వశమయ్యెను. ఏప్రిల్ 6వ తేదీన విశాఖపట్టణము, కాకినాడలపై బాంబులు పడెను. ఆ బాంబులు చీరాల మగ్గములను విఱుగగొట్టలేదు. వానిని నిలిపినది నూలు కొఱత.

నూలును చిలపలతో కొలుతురు. ఒక్కొక్క చిలప 840 గజములు. పౌను బరువున కెన్ని చిలపలు తూగునో అదియే ఆ నూలు నెంబరు. 20వ నెంబరు నూలైనచో పౌనుకు 20 చిలపలు, అనగా 16,800 గజములు. ఈ నూలు మిల్లులనుండియే రావలయును. జపాను నూలు 1941లో ఆగిపోయెను. మన మిల్లులు సైన్యమునకు బట్ట నేయవలసివచ్చి, తాము వడికిన నూలును తమ మగ్గములకే పెట్టుకొనజొచ్చెను. మిగిలిన కొద్దిపాటి సరకునకు రైలుపెట్టెలు దొరకుటయు కష్టమయ్యెను.

బట్ట ప్రియమైనపుడు నేతగాడు లాభపడవలదా యని విద్యార్థు లడుగవచ్చును. లెక్క తెలియుటకై కొన్ని అంకెలు కల్పించి చెప్పెదను. నూలు 5 రూపాయలు, బట్ట 8 రూపాయలు అనుకొనుడు. ఇంటికి మిగులునది 3. నూలు 15 రూపాయలై, బట్ట 18 అయినను మిగులునది ఆ 3 రూపాయలే. కాని ఇప్పుడు మగ్గము సాగుటకు 15 రూపాయలు ముందుగా చేతనుండవలయును; బియ్యమా, మునుపటి ధరకు దొరకదు. చేత రొక్కము లేనివాడు షావుకారునొద్ద నూలు తెచ్చుకొని కూలికి నేయవలసినదే. మగ్గము తనదే, ఇల్లు తనదే. వ్యాపారము మాత్రము చేయిజాఱెను. నా దృష్టిలో యుద్ధము చేసిన నష్టములన్నిటిలో ఇదియే పెద్దది.

1943లో ప్రభుత్వము బట్టకును నూలుకును ధరలు నిర్ణయించెను. నిర్ణీతధరకు అమ్ముటకంటె దాచి అమ్ముటయే లాభకరమైనందున సరకు చాటుబజారునకు చేరెను. సహకార సంఘములలోని నేతవారికి వంతు నూలు కొంత లభించెను. సంఘమున చేరక షావుకారును నమ్ముకొన్నవారు ఆయన దయకొఱకు కాచుకొనిరి. 1945లో యుద్ధము ముగిసినను నూలు కరవు తీరలేదు. 1948 మొదట నియంత్రణ తొలగింపగా ధరలు విజృంభించెను. ఆ యేడే దానిని మరల విధింపవలసివచ్చెను. అంతలో పెద్దవాడైన పిల్లడు కండెలు విడిచి మగ్గముపై కూర్చుండెను. అతడు నేయు నూలు షావుకారుది.