సెప్టిక్ ట్యాంకు మూత ఎక్కడుంది?
నిబంధనలు కాగితాల్లో, మూతలు బండల కింద, ప్రాణాలు గాలిలో

ఉప్పల్: ఇల్లు కొనబోయే ఆసామి ముందుగా వాస్తు పండితుణ్ణి వెంటబెట్టుకుని వస్తాడు. ఈశాన్యం చూస్తాడు, బోరు ఎన్ని అడుగుల్లో పడిందో అడుగుతాడు, సంపులోకి తొంగి చూస్తాడు. దస్తావేజుల జిరాక్సులు వకీలుకు చూపిస్తాడు. ఇంత జాగ్రత్తపరుడూ అడగని ప్రశ్న ఒకటుంది. ఈ ఇంటి సెప్టిక్ ట్యాంకు ఎక్కడుంది? చివరిసారి ఎప్పుడు తీయించారు? అడిగినా అమ్మేవాడి దగ్గర జవాబు దొరకడం కష్టమే. ఉప్పల్, రామంతాపూర్, చిలకానగర్, నాచారం పాత కాలనీల్లో ట్యాంకు మూతలు చాలావరకు షాబాద్ బండల కిందో, కారు నిలిపే సిమెంటు గచ్చు కిందో, కొన్నిచోట్ల మెట్ల కిందో ఉండిపోయాయి. ఇల్లు కట్టిన మేస్త్రీకి తప్ప ఆ రహస్యం ఎవరికీ తెలియదు. ఆ మేస్త్రీ ఇప్పుడు ఎక్కడున్నాడో ఎవరికీ తెలియదు!

ట్యాంకు పొంగి, వాసన వంటింట్లోకి వచ్చినప్పుడు గడ్డపార తెస్తారు. నాలుగుచోట్ల గచ్చు పగలగొట్టి మూత పట్టుకుంటారు. ప్రమాదాలు మొదలయ్యేది ఆ తొందరలోనే.

ఊరు పెరిగింది, కాలువ రాలేదు

నగరంలో భూగర్భ మురుగుకాలువల కథ 1908 మూసీ వరదల తర్వాత మొదలైంది. మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారి సలహాతో వేసిన ఆ పథకంలో ఉప్పల్ లేదు. ఉండవలసిన అవసరమూ లేదు. అప్పటికి ఇది వరి పొలాల ఊరు. తర్వాత పారిశ్రామికవాడలు వచ్చాయి, ఉప్పల్‌లోనూ నాచారంలోనూ ఫ్యాక్టరీలు లేచాయి, హబ్సిగూడ పక్కన పరిశోధనశాలలు వెలిశాయి. వాటి వెంట ఉద్యోగులు, కార్మికులు, వాళ్ల కోసం ప్లాట్లు. ప్లాటు కొన్నవాడు కాలువ వచ్చేదాకా ఆగలేడు కదా. ఇంటి వెనక గొయ్యి తవ్వి ట్యాంకు కట్టుకున్నాడు. ఉప్పల్ కలాన్ మునిసిపాలిటీ 2007లో గ్రేటర్ హైదరాబాద్ నగరపాలక సంస్థలో కలిసింది. నగర శివారు సర్కిళ్లలో మురుగు లైన్ల నిర్వహణ జలమండలి చేతికి వెళ్లింది మాత్రం 2021 అక్టోబరులో.

అదే ఏడాది నగరానికి 3,866 కోట్ల రూపాయలతో 31 కొత్త మురుగు శుద్ధి కేంద్రాలు మంజూరయ్యాయి. ఉప్పల్ నల్లచెరువు, నాచారం పెద్దచెరువు, నాగోలు పేర్లు ఆ జాబితాలోనివే. కేంద్రం ఎంత పెద్దదయినా ఇంటి మురుగు దానిదాకా పైపులో చేరితేనే లెక్క. లైను పడని గల్లీల్లో, వరంగల్ రోడ్డు వెంబడి కొత్తగా లేచిన కాలనీల్లో, ఇంకా అవతల పల్లెల్లో ట్యాంకులే దిక్కు.

మురుగు ఎటు పోతుందన్నది ఉప్పల్ వాళ్లకు ఒకరు చెప్పనక్కర్లేదు. నగరం వదిలిన నీళ్లన్నీ మూసీలో పడి ముందుగా వచ్చేది భగాయత్ పక్కకే. పీర్జాదిగూడ, పర్వతాపురం రైతులు ఏళ్ల తరబడి ఆ నీళ్లతోనే పశువులకు గడ్డి పెంచి బతికారు. పైవాడు వదిలింది కిందివాడి పొలంలోకి రావడమంటే ఏమిటో చూసినవాళ్లు వీరు. మరి అదే ఉప్పల్‌లో తమ ట్యాంకు పైపును వాననీటి మోరీలోకి తిప్పిన ఇళ్లూ ఉన్నాయి. ఆ మోరీ చెరువులోకే పోతుంది.

ట్యాంకు చేసేదెంత?

సెప్టిక్ ట్యాంకు మురుగును మాయం చేస్తుందనే భ్రమ చాలామందికి ఉంది. అది చేసేది చిన్న పని. మురుగును ఒకటి రెండు రోజులు కదలకుండా నిలబెడుతుంది. బరువైనది అడుగున బురదగా పేరుకుంటుంది, జిడ్డు పైన తెట్టుగా తేలుతుంది, మధ్యలోని నీరు పైపు గుండా బయటికి పోతుంది. గాలి తగలని చోట బతికే సూక్ష్మజీవులు అడుగు బురదను కొంత తింటాయి. కొంత మాత్రమే. మిగిలింది ఏటేటా పెరుగుతుంది. బయటికి వచ్చే నీరు చూడటానికి పలచగా ఉన్నా రోగక్రిములు అందులో దండిగా ఉంటాయి. కనుక అది ఇంకుడు గుంతలోకి పోవాలి, మోరీలోకి కాదు. ఇంకుడు గుంతకూ మంచినీటి బావికీ మధ్య కనీసం 18 మీటర్ల దూరం ఉండాలని భారత ప్రమాణాల సంస్థ వారి నియమం. అంటే 60 అడుగులు. నూరు గజాల ప్లాటులో ఒక మూల బోరు, ఇంకో మూల ట్యాంకు, పక్కింట్లో దీనికి తిరగేసి కట్టుకున్నచోట 60 అడుగులు ఎక్కడి నుంచి తెస్తారు? తేలేరు కాబట్టే ఇలాంటి చోట బోరు నీళ్లు తాగడానికి వాడరాదు. లైను వచ్చిన వెంటనే ఇంటి మురుగును అందులో కలపాలి.

కొలతలకూ లెక్క ఉంది. అయిదుగురున్న ఇంటికి మీటరున్నర పొడవు, ముప్పావు మీటరు వెడల్పు, నీరు నిలిచే లోతు మీటరు పైచిలుకు, ఆ పైన ఒక అడుగు ఖాళీ. రెండేళ్లకోసారి తీయిస్తారన్న లెక్కతో వేసిన కొలత ఇది. మనవాళ్లు దీనికి రెండింతలు, మూడింతలు కట్టి, ఇక ఇరవై ఏళ్లు చూడనక్కర్లేదని గొప్పగా చెప్పుకుంటారు. పెద్దది కట్టినంత మాత్రాన బురద రాకుండా పోదు. ఇరవై ఏళ్లకు అది గట్టిపడి అడుగున సిమెంటులా కూర్చుంటుంది. ట్యాంకరు పైపు దాన్ని పీల్చలేదు. అప్పుడే ఎవరినో ఒకరిని పార ఇచ్చి లోపలికి దింపుదామనే మాట వస్తుంది.

రెండు మూడేళ్లకోసారి బురద తీయించాలని కేంద్ర పట్టణాభివృద్ధి శాఖ వారి 2013 నాటి నియమావళి చెబుతుంది. మల బురద నిర్వహణపై కేంద్రం 2017లో, తెలంగాణ 2018లో విధానాలు ప్రకటించాయి. ఈ రెండు విధానాలకంటే ముందే, 2016లో, వరంగల్ మహానగరపాలక సంస్థ సొంతంగా నిబంధనలు చేసుకుంది. ట్యాంకరు నడిపేవాడికి లైసెన్సు ఉండాలన్నది, తీసిన బురదను చూపించిన చోటే వదలాలన్నది అందులో ముఖ్యం. అమ్మవారిపేటలో ఆ బురదను శుద్ధి చేసే కేంద్రం కూడా వెలిసింది. దేశంలో చాలా నగరాలు దీన్ని చూసి నేర్చుకున్నాయి. మన జిల్లా వాళ్లకు రోజూ పోయే రోడ్డు చివరన ఉన్న ఊరే అది.

తనిఖీ ఎవరు చేస్తారు?

ఇంటింటికీ వచ్చి మూత తెరిపించి చూసే అధికారి మనకు లేడు. జపాన్‌లో ఇంటి మురుగు ట్యాంకుల కోసం 1983లో ఒక చట్టమే తెచ్చారు. ఏటా ఒకసారి తనిఖీ చేయించుకోవాలి. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో ట్యాంకు ఉన్న ఇల్లు అమ్మాలంటే ముందు దాన్ని పరీక్ష చేయించి కాగితం చూపాలి. వాళ్లవి ధనిక దేశాలు అని కొట్టిపారేయవచ్చు. ఇల్లు కొనేవాడు అమ్మేవాడిని మూత తెరిచి చూపమని అడగడానికి మాత్రం ధనిక దేశం కానక్కర్లేదు.

ఇంటివాడు తానే చేసుకోగల పరీక్ష ఒకటుంది, ఖర్చు లేనిది. పొడుగాటి వెదురు కర్రకు కింది మూడడుగుల మేర పాత తెల్లగుడ్డ చుట్టి గట్టిగా కట్టాలి. ట్యాంకు మూత తెరిచి, కాసేపు దూరంగా నిలబడి గాలి పోనివ్వాలి. మొగం గుంత మీదికి వంచకుండా, పక్కనుంచి కర్రను అడుగు తగిలేదాకా దించి, రెండు మూడు నిమిషాలు పట్టుకుని మెల్లగా తీయాలి. గుడ్డ మీద నల్లటి మరక ఎంత ఎత్తు ఉందో అంత బురద ఉన్నట్టు. నీటి లోతులో మూడోవంతుకు వచ్చిందంటే ట్యాంకరును పిలవవలసిందే. ఈ పని చేసేటప్పుడు బీడీ, అగ్గిపెట్టె దగ్గర ఉండరాదు. లోపలి గాలిలో మంట అంటుకునే మీథేను ఉంటుంది. పిల్లల్ని ఇంట్లో ఉంచి తలుపు వేయాలి. మూత తిరిగి బిగించాకే చేతులు కడుక్కోవాలి. సగం మూసిన మూతలో పిల్లలు పడ్డ సంఘటనలు పత్రికల్లో చదవనివారు లేరు.

ట్యాంకరు వాడిని కూడా రెండు మాటలు అడగాలి. రిజిస్ట్రేషన్ ఉందా, బురద ఎక్కడ పోస్తావు? రాత్రిపూట వచ్చి, తక్కువకే చేస్తానని, చోటు మాత్రం చెప్పనివాడు చెరువు గట్టుకో, ఔటర్ రింగ్ రోడ్డు పక్క ఖాళీ జాగాకో పోతున్నాడని అనుకోవలసిందే. జలమండలి వినియోగదారుల ఫోను 155313. సెప్టిక్ ట్యాంకుల పనికి దేశమంతటికీ ఏర్పరచిన నెంబరు 14420. తీయించేటప్పుడు అడుగున రెండు అంగుళాల బురద మిగిల్చితే మంచిది, కొత్త మురుగును కుళ్లబెట్టే సూక్ష్మజీవులకు అదే విత్తనం. యాసిడ్, ఫినాయిలు కుమ్మరించి ట్యాంకును తళతళ కడిగించేవారు ఆ విత్తనాన్నే చంపుకుంటున్నారు.

మనిషిని దింపితే జైలు

ఈ విషయంలో చట్టం మెత్తగా లేదు. 2013లో పార్లమెంటు చేసిన చట్టం ప్రకారం రక్షణ సామగ్రి, ఏర్పాట్లు లేకుండా మనిషిని సెప్టిక్ ట్యాంకులోకో మురుగుకాలువలోకో దింపి శుభ్రం చేయించడం నేరం. మొదటిసారికి రెండేళ్ల వరకు జైలు, లేదా రెండు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. మళ్లీ చేస్తే అయిదేళ్లు, అయిదు లక్షలు. బెయిలు హక్కుగా దొరకదు. ఇది మునిసిపాలిటీలకూ కాంట్రాక్టర్లకూ మాత్రమే అనుకుంటే పొరపాటు. ఏ వ్యక్తి అయినా అని చట్టంలో ఉంది. కూలి మాట్లాడి పిలిచిన ఇంటి యజమాని, అపార్టుమెంటు సంఘం వాళ్లు అందులోకి వస్తారు. నేను వద్దన్నా వాడే దిగాడు అన్న మాట కోర్టులో నిలుస్తుందనుకోవడం అమాయకత్వం.

లోపల ఏముందో దిగేవాడికి తెలియదు. కుళ్లిన బురదలోంచి హైడ్రోజన్ సల్ఫైడ్ అనే వాయువు పుడుతుంది. కొంచెంగా ఉన్నప్పుడు కుళ్లిన కోడిగుడ్ల వాసన వేస్తుంది. మోతాదు పెరిగితే ముక్కుకు వాసన తెలిసే శక్తినే చంపేస్తుంది. వాసన పోయింది, ఇక భయం లేదని మనిషి ఇంకో మెట్టు దిగుతాడు. అక్కడే పడిపోతాడు. పైనున్నవాడు తాడు కోసం చూడకుండా, తోటివాడిని లాగుదామని దూకుతాడు. అందుకే ఈ వార్తల్లో చాలాసార్లు ఒక్కరు కాదు, ఇద్దరు ముగ్గురు పోతారు. 2021 ఆగస్టులో వనస్థలిపురం పక్క సాహెబ్‌నగర్‌లో మ్యాన్‌హోల్‌లోకి దిగి ఇద్దరు కార్మికులు చనిపోయారు. అదే ఏడాది నవంబరులో కొండాపూర్‌లో ఒక అపార్టుమెంటు సెప్టిక్ ట్యాంకు శుభ్రం చేస్తూ మరో ఇద్దరు పోయారు. సన్నటి గల్లీల్లో పనిచేసే 70 చిన్న జెట్టింగు యంత్రాలను జలమండలి 2017లోనే తెచ్చింది. యంత్రం లేక కాదు, పిలవక.

ఇలా చనిపోయినవారి కుటుంబాలకు 10 లక్షలు ఇవ్వాలని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది. 2023 అక్టోబరులో దాన్ని 30 లక్షలు చేసింది. 2025 జనవరిలో హైదరాబాద్‌తో సహా ఆరు మహానగరాల్లో ఈ పని పూర్తిగా ఆగాలని ఆదేశించింది. ఈ పోరాటాన్ని దేశమంతా నడిపిన సఫాయి కర్మచారీ ఆందోళన నాయకుడు బెజవాడ విల్సన్ కోలారు బంగారు గనుల ఊళ్లో తెలుగు కుటుంబంలో పుట్టినవాడు. 2016లో ఆయనకు మెగసెసే బహుమతి వచ్చింది. దిగేవాడి కులం ఏమిటో, ఎందుకు అతన్నే పిలుస్తామో ఊళ్లో అందరికీ తెలుసు. ఎవరూ పైకి అనరు.

పల్లెల్లో ట్యాంకు ఎందుకు?

ఒక మాట పల్లె పాఠకులకు. 2014 నుంచి స్వచ్ఛభారత్ కింద 12,000 రూపాయలు ఇచ్చి మరుగుదొడ్లు కట్టించినప్పుడు సూచించిన పద్ధతి జంట గుంతలది. ఒక గుంత నిండితే పైపును రెండోదానికి తిప్పి మొదటిదాన్ని మూసి ఉంచాలి. ఏడాది, రెండేళ్లు కదపకుండా ఉంచితే అందులోది ఎండి వాసన లేని ఎరువవుతుంది. ట్యాంకరు అక్కర్లేదు, మనిషి దిగనక్కర్లేదు. బండరాయి నేలలో, నీరు పైనే ఉన్నచోట ఇది కుదరదు గాని, మామూలు నేలలో దీనికి మించింది లేదు. అయినా పట్నం చూసి వచ్చినవారు గుంతలు చిన్నతనమని, పది అడుగుల లోతున కాంక్రీటు ట్యాంకు కడుతున్నారు. ట్యాంకరు రాని ఊళ్లో ఆ ట్యాంకు నిండితే ఏం చేస్తారో వాళ్లే చెప్పాలి.

ట్యాంకు తీయించడానికి ఎండాకాలమే అనువైనది. వానలు ముదిరి భూమిలో నీరు పైకి వచ్చాక ట్యాంకును ఖాళీ చేస్తే చుట్టూ నీటి ఒత్తిడికి గోడలు పగలవచ్చు, తేలికపాటి ట్యాంకయితే పైకి లేవవచ్చు. ఇంకుడు గుంత కూడా అప్పుడు నీరు పీల్చదు. మృగశిర రాకముందే బండ లేపించి మూత కనిపెట్టి, దాని మీద మళ్లీ గచ్చు వేయకుండా, కొక్కెం ఉన్న మూత పెట్టించి, తీయించిన తేదీని గోడ మీద రంగుతో రాయించుకుంటే సరి.