పగడపు దీవికి ఒక్కనాటి యాత్ర - పాటించవలసిన ఆరోగ్య నియమాలు

జలక్రీడ మన పెద్దలకు కొత్త కాదు. జనగామ ప్రాంతపు మోటబావులలోను, మహబూబాబాదు చెరువులలోను, భూపాలపల్లి వారికి చేరువలోని గోదావరిలోను ఈత నేర్చిన తరం మాది. అయితే సముద్రం మాత్రం మన మూడు ఊళ్ళవారికి దూరపు చుట్టమే. ఇప్పుడా దూరం తగ్గినది. పిల్లల సెలవులకని, ఉద్యోగ విరమణ సందర్భమని అండమానుకు బయలుదేరే కుటుంబాలు ప్రయాణానికి ముందు నా వైద్యశాలకు వచ్చి సలహా అడుగుతున్నవి. "అయ్యగారూ, ముఖానికి అద్దం, నోటికి గొట్టం పెట్టుకొని సముద్రంలో పగడాలు చూడవచ్చునట. మా వయసుకు అది పనికివచ్చునా?" అన్నది వారి ప్రశ్న. స్నార్కెలింగ్ అనబడే ఈ జలవిహారాన్ని గురించి పాఠకులందరికీ ఉపయోగపడునట్లు ఇక్కడ వివరిస్తున్నాను.

దీవి విశేషాలు

అండమాన్ రాజధాని పోర్ట్‌బ్లెయిర్‌కు 2024లో శ్రీవిజయపురమని పేరు మార్చినారు. అక్కడికి సుమారు 30 కిలోమీటర్ల దూరంలో వండూరు రేవు ఉన్నది. అక్కడి దీవులను, వాటి చుట్టునున్న సముద్రాన్ని కలిపి 1983లో మహాత్మాగాంధీ మెరైన్ నేషనల్ పార్కుగా ప్రకటించినారు. దాని విస్తీర్ణం దాదాపు 281 చదరపు కిలోమీటర్లు. యాత్రికులు చూడగలిగే జాలీబాయ్ దీవి ఇందులోనిదే. రేవు నుండి పడవలో ఇంచుమించు గంట ప్రయాణం.

సాధారణంగా నవంబరు నుండి మే నడిమి వరకు జాలీబాయ్‌ని, తక్కిన కాలంలో రెడ్‌స్కిన్ దీవిని తెరుస్తారు. పొలాన్ని బీడు ఉంచినట్లే పగడాలకు కూడా ఈ విధంగా విశ్రాంతి దొరుకుతున్నది. సోమవారం పార్కుకు సెలవు. అటవీశాఖ అనుమతి ముందుగా తీసుకోవలెను. ప్లాస్టిక్ సంచులు, సీసాలు దీవిలోనికి తీసుకుపోరాదు. అక్కడ అంగడి లేదు, రాత్రి బస లేదు. కావున స్టీలు సీసాలలో నీరు, స్టీలు టిఫిన్ డబ్బాలో ఆహారం వెంట ఉండవలెను. ఉత్తరాంధ్ర నుండి వెళ్ళి స్థిరపడిన తెలుగువారు అండమానులో అనేకులు ఉన్నందున భాషకు ఇబ్బంది లేదు.

హైదరాబాదు నుండి విమానంలో వెళ్ళినవారైనా, చెన్నై, విశాఖల నుండి ఓడలో రెండు మూడు రోజులు ప్రయాణించినవారైనా దిగిన మరునాడే సముద్రంలోకి దిగరాదు. నిద్ర చాలని శరీరంలో వాతం ప్రకోపించి ఉంటుంది. ఒకరోజు విశ్రాంతి అవసరం.

ఎవరు దిగరాదు?

వాగ్భటాచార్యుడు అష్టాంగహృదయంలో స్నానం కూడనివారిని పేర్కొన్నాడు. కంటి జబ్బు, చెవి జబ్బు, అతిసారం, కడుపు ఉబ్బరం, పడిశం, అజీర్ణం ఉన్నవారు, అప్పుడే భుజించినవారు స్నానం చేయరాదని ఆయన నిర్ణయం. ఇంటిలోని స్నానానికే ఇంత నియమం ఉండగా సముద్రస్నానానికి వేరే చెప్పనేల? చెవిలో చీము కారేవారు, కర్ణభేరికి రంధ్రం ఉన్నవారు, పడిశంతో ముక్కు మూసుకుపోయినవారు ఆ రోజు ఒడ్డుననే ఉండవలెను.

గుండె జబ్బు, అదుపులో లేని రక్తపోటు, ఉబ్బసం, మూర్ఛ ఉన్నవారు, గర్భవతులు ఈ విహారాన్ని విరమించుకొనడమే శ్రేయస్కరం. రక్తపోటుకు, మధుమేహానికి రోజూ వాడే మాత్రలను యాత్ర పేరిట మానరాదు. దిగలేనివారు నిరాశ పడనవసరం లేదు. అడుగున అద్దం బిగించిన పడవలో కూర్చుండియే పగడాలను చూడవచ్చును.

బాహుబలాన్ని నమ్ముకొని నదిని ఈదరాదన్నది కూడా వాగ్భటుని హితవే. బావిలో ఎంత గజ ఈతగాడైనా సముద్రంలో లైఫ్‌జాకెట్ తొడుగుకొని, మార్గదర్శి చూపుమేరలోనే ఉండవలెను. వండూరు తీరంలో మొసళ్ళను గురించి హెచ్చరికలు ఉన్నవి. అధికారులు చూపిన చోటు తప్ప మరెక్కడా నీటిలో కాలు పెట్టరాదు.

ఆహారం, గృహచికిత్సలు

ముందునాటి రాత్రి నూనె వంటకాలు, ఆవకాయ, మాంసం మాని, చారన్నం, మజ్జిగన్నం వంటి తేలిక ఆహారం పుచ్చుకొనవలెను. ఉదయం రెండు ఇడ్లీలు గాని, రాగిజావ గాని చాలును. తిన్న తరువాత రెండు గంటలు గడవనిదే నీటిలో దిగరాదు. మద్యం సేవించి దిగడం ప్రాణాపాయకరం.

1. పడవలో వికారం: పావు చెంచా శొంఠిపొడిని కొద్ది బెల్లంతో కలిపి బయలుదేరుటకు అరగంట ముందు తినవలెను. మధుమేహం ఉన్నవారు బెల్లానికి బదులు గోరువెచ్చని నీటితో పుచ్చుకొనవచ్చును. రక్తం పలుచబడుటకు మందులు వాడేవారు తమ వైద్యుని అడిగి వాడవలెను. పడవలో చూపును దూరపు దిక్చక్రం మీద నిలుపుట మేలు.

2. ఎండ తాపం: పొడుగు చేతుల వస్త్రాలు, టోపీ ముఖ్యం. రెండు చెంచాల ధనియాలను రాత్రి నీటిలో నానవేసి, ఉదయం వడగట్టి త్రాగిన పిత్తం శమిస్తుంది. కొబ్బరినీరు, ఉప్పు వేసిన పలుచని మజ్జిగ కూడా మంచివి.

3. అభ్యంగనం: నూనె రాసుకొని సముద్రంలో దిగరాదు. ఎండ తగలకుండా రాసుకొనే కొన్ని లేపనాలలోని ఆక్సీబెంజోన్ పగడాలకు హాని చేయునని గుర్తించి, హవాయి రాష్ట్రం 2021 నుండి వాటి అమ్మకాన్ని నిషేధించినది. లేపనం కన్న వస్త్రమే ఉత్తమం. బసకు చేరి మంచినీటి స్నానం చేసిన పిమ్మట కొబ్బరినూనె రాసుకొనవచ్చును.

4. చెవులు: చెవిలో నూనె పోయరాదు, పుల్ల పెట్టరాదు. తల ప్రక్కకు వంచి నీరు కారనిచ్చి, మెత్తని బట్టతో అద్దితే చాలును.

5. పగడం గీసుకున్న గాయం: మంచినీటితో బాగుగా కడిగి వైద్యునికి చూపవలెను. పసుపు అద్ది ఊరకుండరాదు.

పగడం రాయి కాదు, ప్రాణి

ఇటీవల మహబూబాబాదు నుండి వచ్చిన ఒక గృహిణి కొంగున మూటగట్టి తెచ్చిన తెల్లని పగడపు ముక్కను నా ముందుంచి, దీనితో ప్రవాళభస్మం చేసి ఇవ్వవలసినదని కోరినది. సముద్రపు ఒడ్డున దొరికినదట. ఇటువంటి కోరిక నా వద్దకు రావడం ఇదే మొదలు కాదు. కనుక ఈ సంగతిని స్పష్టంగా చెప్పవలసి ఉన్నది.

రసశాస్త్రం ప్రకారం ఔషధానికి తగిన ప్రవాళం పండిన దొండపండు వలె ఎర్రగా, నునుపుగా, బరువుగా ఉండవలెను. తెల్లనిది, తేలికైనది, రంధ్రాలు కలది త్యాజ్యమని శాస్త్రమే చెప్పుచున్నది. దీవులలో దొరికే ఆ ముక్కలు సరిగ్గా త్యాజ్య లక్షణాలు కలవే. అవి మందుకు పనికిరావు. పైగా ప్రవాళభస్మం ఇంటిలో నూరుకొనే మందు కాదు. శోధన, మారణాలు తెలిసిన వైద్యుడు చేయవలసినది.

ఇక చట్టం సంగతి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఈ పగడాలకు రక్షణ ఉన్నది. చచ్చిన ముక్కను తెచ్చినా నేరమే. మూడేళ్ళకు తక్కువ కాని జైలుశిక్ష పడవచ్చును. పగడమంటే వేలాది సూక్ష్మప్రాణుల కాపురం. గుండ్రాయి వంటి పగడాలు ఏడాదికి ఇంచుమించు ఒక సెంటీమీటరు మాత్రమే పెరుగుతవి. నీరు మితిమీరి వేడెక్కినప్పుడు తమలోని నాచును కోల్పోయి పాలిపోతవి. 2010లో అండమాను పగడాలకు అదే జరిగినది. అటువంటి దానిమీద మనం ఒక్కసారి కాలు మోపితే ఎన్నో ఏళ్ళ పెరుగుదల విరిగిపోతుంది. కావున నీటిపై తేలుతూ కంటితో చూడవలెనే గాని, చేతితో తాకరాదు, కాలు ఆనించరాదు.

ఆ గృహిణికి పిత్తశాంతికి ఉసిరికచూర్ణం ఇచ్చి, పగడపు ముక్కను అటవీశాఖవారికి అప్పగించవలసినదని చెప్పి పంపినాను. యాత్ర వలన మనకు దక్కవలసినవి గుండెనిండా గాలి, కంటినిండా వెలుగు. వాటిని తెచ్చుకొనుటకు సంచి అక్కరలేదు. నియమం పాటించినవారికి సముద్రం ఆరోగ్యప్రదాయిని అగుగాక.