డబ్బా గింజలకు ఉప్పెందుకు?

బర్మింగ్‌హామ్‌లో చదువుకుంటున్న మా అక్క కూతురు వీడియో కాల్‌లో మాట్లాడుతూనే వంట చేస్తోంది. మూకుడులో ఆవాలు చిటపటలాడాయి. ఉల్లిపాయ ముక్కలు, పచ్చిమిర్చి పడ్డాయి. తర్వాత ఒక డబ్బా మూత రింగు పట్టి లాగి, మూకుడు మీద బోర్లించి, అడుగున ఒక్కటి తట్టింది. నారింజ రంగు గుజ్జుతో పాటు గోరంత గింజలు జారి పోపులో పడ్డాయి. ఐదు నిమిషాల్లో కూర తయారు.

“ఎన్నాళ్లు తింటావే ఆ డబ్బా తిండి? పాడవకుండా అందులో ఏం మందులు కలుపుతారో ఏమో!” అంది అక్క.

“ఏమీ కలపరమ్మా, కావాలంటే చదువు” అని పిల్ల డబ్బాను కెమెరా ముందు పెట్టింది.

చదివాం. గింజలు సగం, టమాటా మూడో వంతు. ఆపైన నీళ్లు, పంచదార, వెనిగర్, మొక్కజొన్న పిండి, ఉప్పు, కాస్త మసాలా సారం. నిలవ ఉంచే మందు ఒక్కటీ లేదు. మరి ఆ డబ్బా నెలల తరబడి అల్మరాలో ఎలా నిలుస్తోంది?

వేడి వల్ల. పేరు బేక్డ్ బీన్స్ అయినా వీటిని ఇప్పుడు సాధారణంగా పొయ్యిలో కాల్చరు. నానిన గింజలను కాసేపు వేడినీళ్లలో ఉడికించి, డబ్బాలో నింపి, టమాటా గుజ్జు పోసి, గాలి చొరకుండా మూత బిగిస్తారు. ఆ తర్వాతే అసలు వంట. ఆవిరి ఒత్తిడితో డబ్బాను సుమారు 120 డిగ్రీల సెల్సియస్ దాకా వేడెక్కిస్తారు. మన ప్రెషర్ కుక్కర్‌లో పుట్టే వేడి ఇంచుమించు ఇంతే. మామూలుగా మరిగే నీళ్లు చాలవు. బొటులిజం అనే ప్రాణాంతకమైన జబ్బు తెచ్చే విషాన్ని తయారుచేసే బ్యాక్టీరియా బీజాలు 100 డిగ్రీల దగ్గర కూడా చావవు. లోపల ఉన్నవి చచ్చి, బయటివి రావడానికి దారి లేకపోతే ఇక కుళ్లించేదెవరు? ఫ్రాన్సులో నికొలా అప్పేర్ అనే వంటవాడు గాజుసీసాలతో ఈ పద్ధతి కనిపెట్టి 1810లో పుస్తకంగా అచ్చువేశాడు. అలా చేస్తే ఎందుకు పాడవదో మాత్రం ఆయనకూ తెలియదు. అది చెప్పడానికి పాశ్చర్ రావలసి వచ్చింది.

అక్క అనుమానానికి మూలం మన ఊరగాయ జాడీలో ఉందనుకుంటాను. మనకు నిలవ అంటే ఉప్పు, నూనె, కారం. ఆవకాయలో ఉప్పు తగ్గిస్తే బూజు పడుతుంది. అక్కడ ఉప్పు కాపలాదారు. డబ్బాలో కాపలా పని వేడిది, ఉప్పూ పంచదారా రుచి కోసం వచ్చిన చుట్టాలు మాత్రమే. ఈ తేడా తెలిస్తే డబ్బాలో ఏది మంచో, దేనితో జాగ్రత్తో ఇట్టే తేలుతుంది.

మంచి అంతా గింజది. అర డబ్బా, అంటే 200 గ్రాములు తింటే మాంసకృత్తులు తొమ్మిదిన్నర గ్రాములు, పీచు ఏడున్నర గ్రాములు వస్తాయి. కొవ్వు అర గ్రాము కూడా ఉండదు. శక్తి 160 కేలరీలు. బ్రిటన్‌లో పెద్దవాళ్లకు రోజుకు 30 గ్రాముల పీచు తినమంటారు. అందులో పావు వంతు ఒక్క పూటలో చేరిపోయినట్టే. పిండిపదార్థం నెమ్మదిగా అరుగుతుంది కాబట్టి రక్తంలో చక్కెర ఒక్కసారిగా ఎగబాకదు. అంత వేడికి విటమిన్ సి, ఫోలేటు కొంత పోతాయి. మాంసకృత్తులు, పీచు, ఖనిజాలు ఎక్కడికీ పోవు.

ఈ గింజ మనకు పరాయిదేమీ కాదు. మనం కొబ్బరి వేసి వేయించుకునే ఫ్రెంచి బీన్స్, ఉత్తరాది వాళ్ల రాజ్మా, ఈ డబ్బా గింజ, మూడూ ఫేసియోలస్ వల్గారిస్ అనే ఒకే జాతి మొక్కవి. లేతకాయ కోస్తే కూర, ముదిరి ఎండితే గింజ. పుట్టిల్లు అమెరికా ఖండాలు. అమెరికా నౌకాదళంలో నావికులకు ఏళ్ల తరబడి ఇదే వండిపెట్టడంతో ఈ తెల్ల గింజకు నేవీ బీన్ అనే పేరు పడింది. హైన్జ్ కంపెనీ డబ్బాలు లండన్‌లోని ఫోర్ట్‌నమ్ అండ్ మేసన్ దుకాణంలో మొదట అమ్మకానికి వచ్చినప్పుడు అవి దొరల తిండి! ఇప్పుడు నెలాఖరు విద్యార్థి తిండి.

ఇంగ్లీషువాళ్లు వీటిని కాల్చిన రొట్టె మీద పోసుకుని తింటారు. చూడ్డానికి మనకు వింతగా ఉన్నా, లెక్క మన పప్పన్నం లెక్కే. గింజలో లైసిన్ అనే అమైనో ఆమ్లం దండిగా ఉంటుంది, మెథియోనిన్ తక్కువ. గోధుమలోనూ బియ్యంలోనూ సరిగ్గా తిరగబడుతుంది. రెండూ కలిస్తే ఒకదాని లోటు ఇంకొకటి పూడుస్తుంది. మా మేనకోడలు అన్నంలో కలుపుకున్నా ఫలితం అదే.

గుజ్జులో ఈదుతూ, అంత వేడికి ఉడికినా గింజ చితకదెందుకని? దీనికి జవాబు మన అమ్మమ్మలకు తెలుసు. పప్పు ఉడికాకే చింతపండు పులుసు పోయాలి, ముందే పోస్తే పప్పు ఉడకదు అనేవారు. పులుపు తగిలితే గింజ కణాలను అంటిపెట్టి ఉంచే పెక్టిన్ తొందరగా కరగదు. టమాటా, వెనిగర్ చేసే పని అదే.

పచ్చి గింజలో లెక్టిన్ అనే పదార్థం ఉంటుంది. సరిగా ఉడకకపోతే వాంతులు, విరేచనాలు. ఎర్ర రాజ్మాలో ఇది మరీ ఎక్కువ. సన్నసెగ మీద గంటల తరబడి పెట్టినా, నీళ్లు మరగకపోతే లెక్టిన్ పోదు. డబ్బా గింజతో ఆ భయం లేదు. వాతం సంగతి వేరు. రాఫినోజ్, స్టాకియోజ్ అనే చక్కెరలను అరిగించే ఎంజైము మన చిన్నపేగులో లేదు. అవి నేరుగా పెద్దపేగుకు చేరితే అక్కడి బ్యాక్టీరియా పండగ చేసుకుంటుంది. గాలి దాని చలవే. అలవాటు లేనివాళ్లు కొద్దికొద్దిగా మొదలుపెట్టడం మేలు.

ఇక చుట్టాల సంగతి. అర డబ్బాలో చక్కెరలు సుమారు 9 గ్రాములు, రెండు చెంచాలకు పైనే. టమాటా నుంచి వచ్చింది కొంత, కలిపింది మిగతాది. ఉప్పు 1.2 గ్రాములు. బ్రిటన్‌లో పెద్దవాళ్లు రోజుకు 6 గ్రాములు దాటవద్దంటారు, అందులో అయిదో వంతు ఇక్కడే అయిపోయింది. రెండు రొట్టె ముక్కల్లోని ఉప్పు కలిపితే ఇంచుమించు మూడో వంతు. రక్తపోటు ఉన్నవాళ్లు పట్టించుకోవలసిన అంకె ఇది. పంచదార, ఉప్పు తగ్గించిన డబ్బాలు అక్కడి దుకాణాల్లో పక్క అరలోనే ఉంటాయి. అవీ పాడవవు, ఎందుకో ఇందాకే చూశాం. శాకాహారులు ఇంకొకటి చూసుకోవాలి. బ్రిటన్ డబ్బాల్లోంచి పంది మాంసం రెండో ప్రపంచ యుద్ధకాలపు రేషన్‌తో తొలగిపోయింది. అమెరికా డబ్బాల్లో చాలావాటిలో ఇప్పటికీ ఉంటుంది.

ఇదంతా చెబితే అక్క పూర్తిగా ఒప్పుకోలేదు. “సరేలే” అని, కూతురు అన్నం కలుపుతుంటే అడిగింది, “కూరలో ఉప్పు సరిపోయిందా?”

“నేను వెయ్యనేలేదమ్మా, వాళ్లే వేశారు.”